మొబైల్ వెబ్‌సైట్ డిజైన్‌లో చేయకూడని తప్పులు: వైజాగ్ వ్యాపారులు, డెవలపర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్, గాజువాక హార్డ్‌వేర్ షాపు, బీచ్ రోడ్డు రెస్టారెంట్, అరకు హోమ్‌స్టే. ఇలాంటి వాటికి సైట్లు కట్టేవాళ్లూ కట్టించుకునేవాళ్లూ అడిగే ప్రశ్నలివి. వీటిలో చాలా తప్పులకు మూలం ఒక్కటే: సైట్‌ని పెద్ద మానిటర్ మీద, ఆఫీసు వైఫైలో కట్టి, అక్కడే చూసి బాగుందనుకోవడం. కస్టమర్ మాత్రం దాన్ని ఆటోలో కూర్చుని, ఒంటి చేత్తో, సిగ్నల్ వచ్చీపోయీ ఉండగా చూస్తాడు.

ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉన్న సైట్ ఫోన్‌లో చీమల్లాంటి అక్షరాలతో వస్తోంది. ఎందుకు?

పేజీలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఎంత వెడల్పున పరచాలో బ్రౌజర్‌కి చెప్పే కోడ్ వరుస) లేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని పాతకాలం డెస్క్‌టాప్ పేజీగా లెక్కేసి, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, ఆ మొత్తాన్ని 360 పిక్సెళ్ల తెరలోకి కుదిస్తుంది. అప్పుడు 16 పిక్సెళ్ల అక్షరం 6 పిక్సెళ్లకు దిగిపోతుంది. హెడ్ భాగంలో ఆ ట్యాగ్ పెట్టి, విడ్త్‌కి డివైస్-విడ్త్, ఇనీషియల్-స్కేల్‌కి 1 ఇస్తే చాలు.

ఆ ట్యాగ్‌లోనే కొందరు మ్యాగ్జిమమ్-స్కేల్ 1, యూజర్-స్కేలబుల్ నో అని కూడా రాస్తారు. రాయకండి. చత్వారం ఉన్నవాళ్లు ధర చదువుకోవడానికి రెండు వేళ్లతో పెద్దది చేసుకునే వీలును తీసేస్తున్నట్టే. ఐఓఎస్ 10 నుంచి సఫారీ ఆ నిషేధాన్ని పట్టించుకోదు. ఆండ్రాయిడ్ క్రోమ్ మాత్రం మామూలు సెట్టింగుల్లో పాటిస్తుంది.

పేజీ పక్కకు కూడా జరుగుతోంది. కుడివైపు తెల్లటి ఖాళీ వస్తోంది. ఎలా పట్టుకోవాలి?

ఏదో ఒక ఎలిమెంట్ (ఫొటో, పట్టిక, డబ్బా వంటి పేజీ ముక్క) తెర కంటే వెడల్పుగా ఉంది. సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) అన్ని ఎలిమెంట్లకూ తాత్కాలికంగా 1 పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ పెట్టి చూడండి, బయటికి పొడుచుకొచ్చింది కనిపించిపోతుంది. సాధారణంగా దొరికే దొంగలు: 1200 పిక్సెళ్లు అని ఖాయంగా రాసిన డబ్బా, మ్యాక్స్-విడ్త్ 100 శాతం ఇవ్వని ఫొటో, ఆరు నిలువు వరుసల ఫీజుల పట్టిక, మధ్యలో విరగని పొడవాటి ఈమెయిల్ అడ్రస్. ఫ్లెక్స్ లేఅవుట్‌లో (ఎలిమెంట్లను పక్కపక్కన పేర్చే సీఎస్ఎస్ పద్ధతిలో) అయితే లోపలి ఎలిమెంట్‌కి మిన్-విడ్త్ 0 ఇవ్వకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది.

బాడీకి, అంటే మొత్తం పేజీకి, ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ (పక్కకు పొంగింది దాచెయ్) పెట్టి చేతులు దులుపుకోవడం మందు కాదు. పక్కకు జరగడం ఆగుతుంది గానీ, ధరల కాలమ్ సగం కోసుకుపోతుంది. పట్టిక ఉంటే దాన్ని మాత్రమే ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో (ఆ డబ్బా వరకే పక్కకు జరగడం) ఇవ్వండి. 320 పిక్సెళ్ల వెడల్పులో పక్కకు జరగకుండా నిలబడితే చిన్న ఫోన్ల గురించి ఇక దిగులుండదు.

తెలుగు వత్తులు కింద తెగిపోతున్నాయి. ఇంగ్లీషు పేజీలో ఏ ఇబ్బందీ లేదు.

థీమ్ ఇంగ్లీషు అక్షరాల కొలతతో తయారైంది. లైన్-హైట్ (అక్షరం సైజుకు ఒక్కో వరుస ఎత్తు ఎన్ని రెట్లు) 1.2 అంటే ఇంగ్లీషుకు సరిపోతుంది. మన లిపికి పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ‘రాష్ట్రం’, ‘ఉత్తరాంధ్ర’, ‘స్త్రీల వైద్యం’ అని రాసి చూడండి. పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. పేరాలకు లైన్-హైట్ 1.6 నుంచి 1.8, శీర్షికలకు కనీసం 1.4 ఇవ్వండి. యూనిట్ లేకుండా అంకె మాత్రమే రాయండి, అప్పుడు అక్షరం సైజు మారితే అదీ మారుతుంది.

తెగిపోవడానికి రెండో కారణం బటన్లు. 40 పిక్సెళ్ల ఎత్తు ఖాయం చేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే వత్తు అక్కడే ఆగిపోతుంది. ఎత్తు ఖాయం చేయకుండా ప్యాడింగ్ (మాట చుట్టూ ఖాళీ), మిన్-హైట్ (కనీస ఎత్తు) వాడండి. బటన్ మీది మాట రెండు వరుసలైనా డబ్బా పెరిగేలా ఉండాలి. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలు పట్టే బటన్‌లో ‘ఇప్పుడే బుక్ చేసుకోండి’ పట్టదు. ‘బుక్ చేయండి’ అంటే పోతుంది కదా.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. కార్డుల్లో ‘ఇంకా చదవండి’ ముందు వాక్యాన్ని ఇన్ని క్యారెక్టర్లకు కోయాలని కోడ్‌లో రాస్తారు. కంప్యూటర్‌కి మన అక్షరం ఒక్కటి కాదు, గుణింతమూ పొల్లూ విడివిడి లెక్క. ‘విశాఖపట్నం’ దాని లెక్కలో 10. 8 దగ్గర కోస్తే ‘విశాఖపట్’ మిగులుతుంది, 7 దగ్గర కోస్తే ‘విశాఖపట’. కోత పని కోడ్‌కి ఇవ్వకుండా సీఎస్ఎస్ లైన్-క్లాంప్‌తో రెండు లేదా మూడు వరుసలకు ఆపండి. లెటర్-స్పేసింగ్ తెలుగుకు సున్నా దగ్గరే ఉంచండి. శీర్షికల్లో అక్షరాల మధ్య ఎడం పెంచడం ఇంగ్లీషు పెద్దక్షరాలకు నప్పే అలంకారం, మనకు కాదు.

అక్షరం సైజు విషయానికొస్తే, 16 పిక్సెళ్లలో ఇంగ్లీషు సుఖంగా చదువుకోవచ్చు. అదే సైజులో తెలుగు ఇరుకుగా అనిపిస్తుంది. 17 లేదా 18 పెట్టండి.

ప్రెస్సు వాళ్లిచ్చిన తెలుగు మ్యాటర్ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

అది అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసింది. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఫాంట్ తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు. ఆ ఫాంట్‌నే సైట్‌లో ఎక్కించి పని కానిచ్చేద్దామనుకోవద్దు. కంటికి తెలుగులా కనబడినా గూగుల్‌కి అది తెలుగు కాదు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే రాదు, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి) మార్చుకుని, తర్వాత మనిషి ఒకసారి చదవాలి. మార్పిడిలో వత్తులు, క్షకారాలు, విరామ చిహ్నాలు తారుమారవుతుంటాయి.

మ్యాటర్‌ని బొమ్మగా పెట్టేయడం కూడా ఇదే కోవలో తప్పు. ఇక పిచ్చి గుర్తులు కాకుండా వరుసగా ప్రశ్నార్థకాలు వస్తుంటే తేడా డేటాబేస్‌లో ఉంది. టేబుల్, కనెక్షన్ రెండూ యూటీఎఫ్8ఎంబీ4లో (అన్ని భాషల అక్షరాలనూ దాచగల సెట్టింగులో) ఉన్నాయో లేదో చూడండి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పాఠం తిరిగి రాదు, మళ్లీ ఎక్కించాల్సిందే.

తెలుగుకు ఏ ఫాంట్ వాడాలి?

పేరాలకు ఏదీ డౌన్‌లోడ్ చేయించకపోయినా నష్టం లేదు. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఫాంట్ ఉంటుంది, ఐఫోన్‌లోనూ తెలుగు ఫాంట్ ఉంటుంది. అందం కావాలంటే శీర్షికలకు మాత్రం రామభద్ర, మండలి, అనేక్ తెలుగు వంటిది ఒకటి తీసుకోండి. వాఫ్2 (కుదించిన వెబ్ ఫాంట్) ఫార్మాట్, ఒకటి లేదా రెండు మందాలు, ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ (ఫాంట్ వచ్చేదాకా ఫోన్ ఫాంట్‌తో చూపించడం) చాలు. నాలుగు ఫాంట్లు కలిపి వాడితే పేజీ పెళ్లి పత్రికలా ఉంటుంది, బరువూ పెరుగుతుంది. పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి భాష తెలుగు అని చెప్పే కోడ్ ఇవ్వడం మరవొద్దు.

బటన్లు, లింకులు ఎంత సైజు ఉండాలి?

ఆపిల్ చెప్పేది 44 పాయింట్ల చదరం. గూగుల్ మెటీరియల్ డిజైన్ చెప్పేది 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో సైజు కొలిచే యూనిట్). అందరికీ అందుబాటు కోసం 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణంలో డబుల్ ఏ స్థాయికి కనీసం 24 పిక్సెళ్లు, అది అట్టడుగు హద్దు. దాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. 48 ఇచ్చి, రెండు బటన్ల మధ్య 8 పిక్సెళ్లు వదలండి. ఐకాన్ 24 పిక్సెళ్లే ఉండొచ్చు, చుట్టూ ప్యాడింగ్‌తో నొక్కే చోటును పెంచితే చాలు. మూడు బ్రాంచీల ఫోన్ నంబర్లు ఒకదాని కింద ఒకటి ఇరికించిన పేజీల్లో ఎంవీపీ కాలనీకి కొడితే గాజువాక ఎత్తుతుంది.

మౌస్ పైన పెడితే తెరుచుకునే మెనూ ఫోన్‌లో తెరుచుకోదు, వేలికి ‘పైన పెట్టడం’ ఉండదు. నొక్కితే తెరుచుకునేలా మార్చండి.

ఫోన్ నంబర్, అడ్రస్ ఎలా పెట్టాలి?

నంబర్‌ని బొమ్మలో పెట్టొద్దు. నొక్కగానే డయల్ అయ్యేలా టెల్ లింక్ (ఫోన్ నంబర్ లింక్) ఇవ్వండి. మొబైల్ అయితే ప్లస్ 91 తర్వాత 10 అంకెలు. ల్యాండ్‌లైన్ దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు: వైజాగ్ ఎస్‌టీడీ కోడ్ 0891 కాబట్టి ప్లస్ 91 పక్కన అలాగే 0891 రాసేస్తారు. ప్లస్ 91 వేశాక ముందున్న సున్నా పోవాలి, 891 నుంచి మొదలవ్వాలి. లేకపోతే కాల్ కలవకపోవచ్చు. వాట్సాప్ లింక్‌లో ప్లస్ గుర్తు, ఖాళీలు, మొదటి సున్నాలు ఏవీ ఉండకూడదు, 91 తర్వాత నేరుగా 10 అంకెలు.

మ్యాప్‌ని పేజీలో కదిలేలా ఎంబెడ్ చేయడం వల్ల రెండు నష్టాలు. అది చాలా స్క్రిప్టులు లాగుతుంది. పేజీ కిందికి జరుపుతున్న వేలు మ్యాప్ మీద పడితే పేజీకి బదులు మ్యాప్ జరగడమో, రెండు వేళ్లు వాడమని హెచ్చరిక రావడమో అవుతుంది. చిన్న స్థిరమైన బొమ్మ పెట్టి, ‘దారి చూపించు’ అనే బటన్‌కి మ్యాప్స్ లింక్ ఇవ్వండి. అడ్రస్‌లో డోర్ నంబర్‌తో పాటు గుర్తు కూడా రాయండి. జగదాంబ జంక్షన్ నుంచి ఎటు తిరగాలో చెబితే ఆటోవాడికి అదే పనికొస్తుంది.

పేమెంట్ పేజీలో క్యూఆర్ కోడ్ పెట్టాం. అయినా డబ్బు కట్టకుండా వెళ్లిపోతున్నారు.

ఫోన్ తెర మీదున్న క్యూఆర్‌ని అదే ఫోన్ కెమెరాతో ఎలా స్కాన్ చేస్తారు? స్క్రీన్‌షాట్ తీసి, యాప్ తెరిచి, గ్యాలరీ నుంచి ఎక్కించే ఓపిక అందరికీ ఉండదు. మొబైల్‌లో క్యూఆర్ తీసేసి, నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకునే బటన్ ఇవ్వండి. చెల్లింపు జరిగిందో లేదో మీ సర్వర్‌కి ఖాయంగా తెలియాలంటే పేమెంట్ గేట్‌వే (చెల్లింపు తీసుకుని మీ సైట్‌కి కబురు పంపే సర్వీసు) ద్వారా ఇవ్వడం మేలు. క్యూఆర్‌ని డెస్క్‌టాప్ తెరకు మాత్రమే ఉంచండి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లోపలి బ్రౌజర్‌లో ఈ యూపీఐ లింకులు కొన్నిసార్లు తెరుచుకోవు. అందుకే పక్కన యూపీఐ ఐడీ, దాన్ని కాపీ చేసే బటన్ ఉండాలి. కస్టమర్ యూపీఐ యాప్‌లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడై కార్ట్ ఖాళీ అయితే మీకు ఫోన్ కాల్ ఖాయం. ఆర్డర్ వివరాలు ముందే సర్వర్‌లో సేవ్ కావాలి.

ఫారమ్ నింపుతుంటే ఐఫోన్‌లో తెర దానంతటదే జూమ్ అవుతోంది.

ఇన్‌పుట్ డబ్బాలోని అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నదైతే సఫారీ అలా చేస్తుంది. 16 చేయండి, ఆగిపోతుంది. జూమ్‌ని నిషేధించడం దీనికి పరిష్కారం కాదు.

ఫారమ్‌లో మిగతా తప్పులు కూడా ఇక్కడే చెప్పుకుందాం. మొబైల్ నంబర్‌కి టెల్ రకం ఇన్‌పుట్ ఇస్తే అంకెల కీబోర్డు వస్తుంది. పిన్‌కోడ్‌కి, ఓటీపీకి టెక్స్ట్ రకమే ఉంచి ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అనాలి. నంబర్ రకం పెట్టకండి: 045812 అని ఓటీపీ వస్తే దాన్ని సంఖ్యగా చదివిన కోడ్ ముందు సున్నాను మింగేస్తుంది. ఓటీపీకి ఆటోకంప్లీట్ విలువ వన్-టైమ్-కోడ్ ఇస్తే ఐఫోన్ కీబోర్డు పైనే ఆ అంకెలు చూపిస్తుంది. ఆరు విడి డబ్బాల ఓటీపీ చూడ్డానికి బాగుంటుంది, పేస్ట్ చేస్తే ఒక్క అంకే పడేలా కట్టినవి చాలా ఉన్నాయి. ఒకే డబ్బా చాలు.

పేరుకి మొదటి పేరు, చివరి పేరు అని రెండు తప్పనిసరి డబ్బాలు పెట్టొద్దు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లున్నారు, ఒక్క అక్షరంతో సరిపెట్టేవాళ్లున్నారు. ‘కనీసం మూడు అక్షరాలు’ అనే నిబంధన వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తుంది. డబ్బా లోపల లేత రంగులో కనిపించే సూచనను లేబుల్‌గా వాడకండి, టైపు చేయగానే అది మాయమై ‘ఇక్కడ ఏం అడిగారు’ అని చెరిపి చూసుకోవాల్సి వస్తుంది. తప్పు జరిగితే ఆ డబ్బా కిందే ఎరుపులో కారణం చెప్పండి, నింపిన మిగతావన్నీ అలాగే ఉంచండి.

మా హోమ్‌స్టే సైట్ చాలా నెమ్మది. హోస్టింగ్ మార్చాలా?

ముందు ఫొటోలు చూడండి. ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెల్ ఫొటో 4000×3000 పిక్సెళ్లు, సుమారు 3 నుంచి 5 ఎంబీ. గ్యాలరీలో అలాంటివి పదిహేను పెడితే అనంతగిరి ఘాట్‌లో ఉన్నవాడికి ఆ పేజీ తెరుచుకోదు. నెట్ బాగున్నా బాధే. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున అలాంటి ఒక్క ఫొటో పూర్తి సైజులో విప్పితే ర్యామ్‌లో 48 ఎంబీ తింటుంది. 3 జీబీ ర్యామ్ ఫోన్‌లో స్క్రోల్ తడబడేది అందుకే.

చేయాల్సింది ఇది. 360 పిక్సెళ్ల తెరకు, డెన్సిటీ (ఒక్కో పిక్సెల్ కొలతకు తెర మీద ఉండే అసలు చుక్కలు) 3 రెట్లు అనుకున్నా 1080 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. 480, 800, 1080 అని మూడు సైజులు తయారు చేసి, వెబ్‌పీలో (తేలికైన ఫొటో ఫార్మాట్‌లో) 75 నుంచి 80 క్వాలిటీతో సేవ్ చేసి, సోర్స్‌సెట్‌తో ఇవ్వండి, ఫోన్ తనకు కావలసింది ఎంచుకుంటుంది. 1080 వెడల్పు ఫొటో చాలావరకు 100 నుంచి 200 కేబీ లోపు వస్తుంది. ఆకులు, కాఫీ తోటల ఫొటోల్లో వివరం ఎక్కువ కాబట్టి కాస్త పెరగొచ్చు. మొదటి తెరలో కనిపించే పెద్ద ఫొటోకి లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చాకే ఫొటో తెప్పించడం) పెట్టకండి. ప్లగిన్లు అన్నిటికీ గుడ్డిగా పెట్టేస్తాయి, దాంతో ముందు రావలసిందే ఆలస్యమవుతుంది. దానికి ఫెచ్-ప్రయారిటీ హై ఇచ్చి, కింద ఉన్నవాటికి మాత్రమే లేజీ పెట్టండి. తిరిగే స్లైడర్ తీసేయండి. అయిదు ఫొటోల బరువు మోయించి ఒకటే చూపిస్తుంది.

తర్వాత స్క్రిప్టులు. చాట్ విడ్జెట్, రెండు మూడు ట్రాకర్లు, పేజ్ బిల్డర్, దాని మీద యానిమేషన్ ప్లగిన్. ఇవి డౌన్‌లోడ్ కావడంతో సరిపోదు, ఫోన్ ప్రాసెసర్ వాటిని నడపాలి. తక్కువ ధర ఫోన్‌లో బటన్ నొక్కాక ఏమీ కదలకపోవడం దీని వల్లే. ఎవరూ చూడని లెక్కల ట్రాకర్ ఉంటే ఈరోజే తీసేయండి. ఇవన్నీ అయ్యాక కూడా సర్వర్ మొదటి బైటు ఇవ్వడానికే సెకను పైన తీసుకుంటుంటే అప్పుడు హోస్టింగ్ గురించి ఆలోచించండి.

గూగుల్ కొలతలు మూడు: ప్రధాన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలి, నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, లేఅవుట్ కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. నూటికి 75 సందర్శనల్లో ఇది నిలబడితే ‘మంచిది’ అంటుంది. స్పందన కొలత 2024 మార్చిలో పాత దాని స్థానంలో వచ్చింది కాబట్టి అంతకు ముందు రిపోర్టులతో పోల్చకండి.

నొక్కబోయేసరికి పేజీ కిందికి జారి వేరేది నొక్కుకుపోతోంది.

అదే లేఅవుట్ కుదుపు. ఫొటో ట్యాగ్‌లో విడ్త్, హైట్ రాయండి, రాకముందే బ్రౌజర్ చోటు వదులుతుంది. ప్రకటనలకు, ఎంబెడ్‌లకు మిన్-హైట్ ఇవ్వండి. చదువుతున్న పాఠం పైన ఆలస్యంగా పట్టీలు చొప్పించకండి.

కింద ఉన్న ‘ఆర్డర్’ బటన్ కొన్ని ఫోన్లలో సగమే కనబడుతోంది.

100 వీహెచ్ ఎత్తు (తెర ఎత్తు మొత్తం అని చెప్పే కొలత) వాడి ఉంటారు. బ్రౌజర్ అడ్రస్ పట్టీ దాగినప్పుడు ఉండే పెద్ద ఎత్తును అది లెక్కిస్తుంది. పట్టీ కనబడుతున్నంతసేపూ మీ బటన్ తెర కిందికి పోతుంది. దాని బదులు ఎస్‌వీహెచ్ (పట్టీ కనబడుతున్నప్పటి ఎత్తు) లేదా డీవీహెచ్ (పట్టీని బట్టి మారే ఎత్తు) వాడండి. అంచులు లేని ఫోన్లలో కింది హోమ్ గీత మీద బటన్ పడకుండా సేఫ్-ఏరియా-ఇన్‌సెట్-బాటమ్ విలువను ప్యాడింగ్‌కి కలపండి. పైన అంటుకున్న హెడర్, కింద పట్టీ, పక్కన తేలే వాట్సాప్ గుండ్రం, ఇంకో చాట్ గుండ్రం అన్నీ కలిపి ఉంచకండి. కీబోర్డు తెరుచుకుంటే టైపు చేస్తున్న డబ్బా కనిపించే చోటే మిగలదు.

పాపప్ పెడితే లీడ్స్ (కస్టమర్లు కాగలవాళ్ల వివరాలు) వస్తాయంటున్నారు. పెట్టొచ్చా?

వచ్చీరాగానే తెర మొత్తం కప్పేది వద్దు. మొబైల్‌లో అలా కంటెంట్‌ని కప్పేసే పేజీలకు 2017 జనవరి నుంచి గూగుల్ ర్యాంకింగ్‌లో ప్రాధాన్యం తగ్గొచ్చని చెప్పింది. మూసే గుర్తు 12 పిక్సెళ్లలో దాక్కుని ఉంటే వచ్చినవాడు పాపప్‌ని కాదు, సైట్‌నే మూసేస్తాడు. ఆఫర్ చెప్పాలంటే పేజీలోనే ఒక పట్టీ చాలు.

మా డిజైనర్ లేత బూడిద రంగు అక్షరాలు ‘ప్రీమియం’ అంటున్నాడు.

మధ్యాహ్నం రుషికొండ ఒడ్డున నిలబడి ఆ పేజీ తెరిచి చూపించమనండి. తెలుపు మీద 999999 కోడ్ ఉన్న బూడిద రంగు కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు తేడా) సుమారు 2.8:1. మామూలు పాఠానికి కావలసింది 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1. తెలుపు మీద 767676 సరిగ్గా 4.5:1 గీత దాటుతుంది, అంతకంటే ముదురైతే ఇంకా మంచిది. ఫొటో మీద తెల్ల అక్షరాలు వేస్తే మధ్యలో నల్లటి పారదర్శక పొర ఉండాలి, లేకపోతే సముద్రపు నురగ మీద రాసినట్టే.

మెనూ కార్డు పీడీఎఫ్‌గా పెట్టాం. సరిపోతుందా?

సరిపోదు. ఏ4 కాగితానికి కూర్చిన పీడీఎఫ్‌ని ఫోన్‌లో చదవాలంటే పెద్దది చేసి నాలుగు వైపులా ఈడ్చుకోవాలి. కొన్ని ఫోన్లలో అది డౌన్‌లోడ్‌లోకి పోయి కనబడదు కూడా. పదార్థం, ధర మామూలు పాఠంగా రాసి, బిర్యానీలు, సీ ఫుడ్, టిఫిన్లు అని పైన నొక్కే విభాగాలు ఇవ్వండి. ప్రింటుకు కావాలంటే పీడీఎఫ్‌ని అదనంగా ఉంచుకోండి.

మొబైల్ వెర్షన్‌లో కొంత సమాచారం తగ్గిస్తే తేలికవుతుంది కదా?

గూగుల్ సైట్లను మొబైల్ రూపంలోనే చదివి జాబితా చేస్తుంది. మొబైల్‌లో తీసేసింది దానికి లేనట్టే. తగ్గించాల్సింది అలంకారం, సమాచారం కాదు. పొడవైన వివరాలు నొక్కితే తెరుచుకునే మడతల్లో పెట్టుకోవచ్చు, వాటిని అది చదువుతుంది. ఎం చుక్కతో మొదలయ్యే వేరే మొబైల్ సైట్ ఇప్పుడు కొత్తగా కట్టడం దండగ, రెండు చోట్ల ధరలు మార్చాలి.

భాష మార్చే బటన్ ఎలా ఉండాలి?

తెలుగు చదివేవాడికి ‘తెలుగు’ అని తెలుగులోనే కనిపించాలి. జెండా బొమ్మ భాషను చెప్పదు. ఉన్న పేజీకే మరో భాష రూపం తెరుచుకోవాలి, హోమ్ పేజీకి విసిరేయకూడదు. ఊరిని బట్టి దానంతటదే భాష మార్చేయకండి. వైజాగ్‌లో ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్లు, టూరిస్టులు బోలెడంతమంది.

డెవలపర్‌కి చివరి పేమెంట్ ఇచ్చే ముందు మేమే ఏం చూసుకోవాలి?

కంప్యూటర్ క్రోమ్‌లోని డివైస్ మోడ్ (పేజీని ఫోన్ వెడల్పులో చూపించే సదుపాయం) వెడల్పు చూపిస్తుంది గానీ, వేలు, ఎండ, అసలైన కీబోర్డు ఏవీ చూపించదు. మూడు నాలుగేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, ఐఫోన్ ఒకటి తీసుకోండి. వైఫై ఆపి, ఇన్‌కాగ్నిటోలో తెరవండి, లేకపోతే ముందే దాచుకున్న ఫైళ్లతో వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి మళ్లీ చూడండి, చాలా బటన్లు అక్కడే విరుగుతాయి.

తర్వాత సైట్ ఎప్పుడూ చూడని మనిషి చేతికి ఫోన్ ఇచ్చి నాలుగు పనులు చెప్పండి: ధర కనుక్కో, ఫోన్ చెయ్యి, దారి తెరువు, పది రూపాయలు కట్టు. పక్కన నిలబడి నోరు మెదపకండి. ఎక్కడ ఆగాడో, ఎక్కడ రెండోసారి నొక్కాడో కాగితం మీద రాసుకోండి. నడుస్తూ, ఒంటి చేత్తో చేయిస్తే ఇంకా మంచిది. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో (గూగుల్ వేగం పరీక్ష టూల్‌లో) మొబైల్ ట్యాబ్ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆ కాగితంతో కలిపి డెవలపర్‌కి పంపండి. ల్యాబ్ స్కోరు (ఆ టూల్ అప్పటికప్పుడు పరీక్షించి ఇచ్చేది) ప్రతిసారీ కొంచెం మారుతుంది, అందుకని మూడుసార్లు నడిపి మధ్యది తీసుకోండి. డొమైన్, హోస్టింగ్, అనలిటిక్స్ లాగిన్లు మీ ఈమెయిల్ మీద ఉన్నాయో లేదో కూడా అప్పుడే అడిగేయండి.